ఊరూరా నీ తమ్ముడి మొహం

మోంటగ్యూ,
మే నెల, చలి మొదలై ద్రాక్షాకు రాలుతున్న రోజులు

డొరీన్ తల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ నీ తమ్ముడూ బాగున్నాం. బాగున్నాం అంటే కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది, అంతకంటే అడక్కు. అక్కడ నువ్వూ, అల్లుడు టోబియాసూ, ఇంకా పేరు పెట్టని ఆ మూడో మనిషీ క్షేమంగా ఉన్నారని నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

అక్షరాలు చూసి నవ్వకు. ఎప్పుడూ నా ఉత్తరాలు రాసిపెట్టేది పాస్టరుగారి భార్య అని నీకు తెలుసు. "పిల్లను చలికోటు కొనుక్కోమని రాయండమ్మా" అని నేనంటే, ఆవిడ కోటు గురించి ఒక ముక్క, దేవుడి గురించి పది ముక్కలు రాస్తుంది. ఈ ఉత్తరం ఆవిడ చేత రాయించేది కాదు. నాలుగో తరగతి దాకా చదివిన చదువు నాది, అదీ తుప్పుపట్టింది. మూడు రోజులుగా కూర్చుని రాస్తున్నాను. ఒక్కో మాటకు పెన్సిల్ నాలుక మీద పెట్టుకుంటుంటే నీల్స్ చూసి, "అమ్మా, అది తింటున్నావా?" అంటున్నాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. మీ ఫ్యాక్టరీ చేపల డబ్బాలు అందాయి. రెండు సొట్టపోయాయి గానీ లోపల సరుకు బాగుంది. నీల్స్ వాటిని కిటికీ గట్టు మీద వరసగా పేర్చాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు. "అక్క చేసింది, ఆదివారం తినాలి" అంటాడు. ఆదివారానికి ఒకటి చొప్పున తీస్తున్నాం. వాడి కాలు నయమైంది. కోతలప్పుడు ట్రాక్టరు తొట్టి మీంచి దూకి మడమ బెణికించుకున్నాడు, అంతే, నువ్వు భయపడినంత లేదు. ఇప్పుడు కింది మడిలో ముసలి తీగలు పీకేస్తున్నారు. వాన మొహం చూసి రెండేళ్లయింది, కాలవ నీళ్లు అంతదాకా రావడం లేదని దొర కొడుకు ఆ మడి వదిలేస్తున్నాడు. మొదళ్లు తవ్వి పోగులు పెట్టే పని నీల్స్‌ది. ఆ పని వాడికి నచ్చింది. ఇంటి కప్పు సంగతి అడిగావు. దొర కొడుకు వేయిస్తానన్నాడు. వేయిస్తాడు, నేను పోయాక.

ఇక పేజీ అడుగున, మూలకి, చిన్న అక్షరాలతో నువ్వు అడిగినది.

ఆ ముక్క నాకు నోటికి వచ్చేసింది. "అమ్మా, ఇక్కడ నర్సు నీల్స్ ఫొటో చూసింది. దెబ్బ తగిలితే మొహం ఇలా మారదు, ఇది వేరే సంగతి అంది. మా అత్తగారేమో మీ రక్తంలోనే ఉంది అంటోంది. నిజం చెప్పు. నాన్న కొట్టినందుకా, మన రక్తంలోనే ఉందా? రక్తంలో ఉంటే ఈ బిడ్డ నాకొద్దు. ఇంకో నీల్స్‌ను కని, నువ్వు పడ్డ పాట్లు పడే ఓపిక నాకు లేదు. ఇక్కడ ఒకామె ఉంది. నెలాఖరుకు రమ్మంది."

పంపు దగ్గర నిలబడి చదివాను. బకెట్ నిండి నీళ్లు కాళ్ల మీదకి పొర్లుతున్నా కదల్లేకపోయాను. డొరీన్, ఆ "ఒకామె" ఎవరో నాకు తెలియదు గానీ ఆమె చేతులు ఎలాంటివో నాకు తెలుసు. మన తోటలోనూ అలాంటి చేతులు ఉండేవి. బీటా పిన్ని జ్వరంతో పోయిందని నీకు చెప్పాం. జ్వరం కాదు. నిన్న కొట్లోంచి మీ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఎవడో మగాడు తీశాడు. "అమ్మ ఉత్తరం వచ్చేదాకా ఏమీ చెయ్యొద్దని డొరీన్‌కు చెప్పు నాయనా" అన్నాను. "ఏ డొరీన్? ఇక్కడ నలుగురున్నారు" అన్నాడు. నలుగురికీ చెప్పమన్నాను. చెప్పాడో లేదో.

నీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాయాల్సింది. రాయలేదు. ఎందుకు రాయలేదో చివర్న చెబుతాను. ముందే చెబితే మిగతాది నువ్వు చదవవు.

సీనా అవ్వ గుర్తుందా? నీకూ, నీ తమ్ముడికీ, ఈ తోటలో పుట్టిన సగం మందికీ బొడ్డు కోసింది ఆమే. ఆమెను వెతికి పట్టుకుని అడుగుదామనుకున్నాను. అబద్ధమెందుకు, ఆమె ఏం చెబితే బాగుంటుందో కూడా ముందే అనుకున్నాను. "పేగు మెడకు చుట్టుకుందే ద్రీకా" అనాలి. లేదా "నెలలు నిండకుండా పుట్టాడే" అనాలి. ఆ ముక్క నీకు రాసి పారేస్తే నీ భయం తీరుతుంది, నా బతుకు నాకు ఉంటుంది. అదీ నా ఆశ.

మీ సారెల్ మావయ్య ఇప్పటికీ సముద్రం దగ్గర్నుంచి స్నూక్ చేపలు తెచ్చి లోయంతా తిరిగి అమ్ముతున్నాడు. అదే డొక్కు బండి. కొనేవాళ్లను పిలవడానికి సముద్రపు నాచు కాడతో చేసిన అదే బూర. నన్నూ నీల్స్‌నూ తీసుకుపొమ్మన్నాను.

"అక్కా, నువ్వు ఎక్కితే బండికి సబ్బు వాసన వస్తుంది. నా బేరం పోతుంది" అన్నాడు.

"నోర్మూసుకుని నడుపు."

"అసలు ముసల్ది ఉందంటావా?"

"బారీడేల్లో మనవరాలి దగ్గరుందట. అలాంటివాళ్లు అంత తొందరగా పోర్లేరా."

నలభై తొమ్మిదేళ్లు వచ్చాయి నాకు. ఈ లోయలోనే పుట్టాను. బారీడేల్ ఒక్కటే చూశాను, అదీ సంఘం పాటల పోటీకి. ఆ కొండకి అవతల ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఏముంటుంది, మనకున్నదే. కాలవకు ఇటు ద్రాక్ష, అటు రాయి. ఇటు ఆకు ఎర్రబడి మంట మండుతున్నట్టుంది, అటు బూడిద రంగు తుప్పలు, పగిలిన నేల, ఇసుక మేటలేసిన ఏరు. చేతులు చాపితే రెండూ అందుతాయి. నీళ్లు పారినంత మేరే ఊరు. ఊరు దాటితే మళ్లీ గంటసేపు రాళ్లు, ఒక గాలిమర, నీడ కోసం దాని స్తంభం పక్కనే వరసగా నిలబడ్డ గొర్రెలు. నీల్స్ చేపల పెట్టెల మధ్య కూర్చుని బూర ఊదుతూనే ఉన్నాడు. రాళ్లకు కూడా చేపలు అమ్మాడు ఆ రోజు.

బారీడేల్లో బండి ఆపగానే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చారు. సీనా అవ్వ గురించి అడిగితే, మనవరాలికి లేడీస్మిత్‌లో పని దొరికిందని కిందటేడే వెళ్లిపోయారన్నారు. సరే, ముందుకే పోదాం అన్నాడు మావయ్య. నేను బండెక్కబోతూ కొట్టు మెట్ల మీద చూశాను. పదిహేనేళ్ల పిల్ల కూర్చుని ఉంది, తొమ్మిదేళ్ల పిల్లంత ఒళ్లు. చిన్న కళ్లు. సన్నటి పైపెదవి. ముక్కుకీ పెదవికీ నడుమ మనందరికీ గాడి ఉంటుంది కదా, ఆ పిల్లకు లేదు, నున్నగా ఉంది. నీల్స్‌ని చూసి చెయ్యి ఊపింది. వీడూ ఊపాడు. ఎవరి పిల్లో అనుకున్నాను, అంతే. తల తిప్పుకున్నాను.

లేడీస్మిత్‌లో జరిగింది చెబుతాను, విను. నెత్తి మీద రెండుగా చీలిన కొండ కింద ఉంటుంది ఆ ఊరు. మా బండి కూలీల వీధిలో ఆగింది. చేపలకి వచ్చిన ఒక ఆడమనిషి నీల్స్ దగ్గరకు విసురుగా వచ్చి చెవి పట్టుకుంది.

"ఒరే డావిడ్, ఇంట్లో ఉండమని చెప్పి వచ్చానా లేదా? బండెందుకెక్కావురా?"

"నేను డావిడ్‌ను కాదు, నీల్స్‌ను" అన్నాడు వీడు బిక్కమొహం వేసుకుని.

ఆవిడ చెవి వదిలి, వీడి గడ్డం ఎత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా, క్షమించు నాయనా" అని ఇంట్లోకి పరుగెత్తి ఇంకో కుర్రాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టింది. తల్లీ, ఒట్టు, కవలలంటే నమ్ముతావు. అదే ఎత్తు. అవే కళ్లు. అదే నవ్వు, అదే సన్నటి పెదవి. వీధంతా పోగయింది. నీల్స్ డావిడ్ చొక్కా గుండీలు ముట్టుకుంటున్నాడు, వాడు వీడి బూర ముట్టుకుంటున్నాడు.

మీ మావయ్య నోరు ఊరుకుంటుందా? "మా బావ పైకి నంగనాచిలా కనబడేవాడు గానీ, ఊరూరా తిరిగినట్టున్నాడే అక్కా!" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. డావిడ్ తల్లీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా మొహంలోకి చూసి ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. మీ నాన్న జన్మలో బారీడేల్ దాటలేదు.

ఆవిడ నా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, "తోటలో పనిచేసేదానివా?" అంది.

"చేసేదాన్ని."

"నేనూ" అంది.

ఆమె తన చేప తీసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. సీనా అవ్వ కాలిట్స్‌డోర్ప్‌కు వెళ్లిపోయిందని ఆ వీధిలోనే ఇంకెవరో చెప్పారు. నిజం చెప్పాలంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగి రావచ్చు. నీ ప్రశ్నకు జవాబు ఆ వీధిలోనే నాకు దొరికింది. అయినా పేగు, నెలలు అనుకుంటూ ముందుకే పోదామన్నాను. మనిషికి ఎంత మొండి ఆశ చూడు.

ఆ రాత్రికి జోయార్‌లో మీ సారెల్ మావయ్య పెళ్లాం తరఫు వాళ్లింట్లో పడుకున్నాం. పొద్దున్న మావయ్య టైరుకు అతుకు వేయిస్తుంటే నేను బడి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు జావ కోసం చేతుల్లో పళ్లేలతో వరస కట్టారు. చూడకుండా ఉంటే బాగుండేది. వరసలో అదే మొహంతో ముగ్గురున్నారు. ఒకడు నీల్స్ మూడో ఏట ఎలా నడిచేవాడో అలాగే, మడమలు ఆనించకుండా, నడుస్తున్నాడు. వాళ్లలో ఎవరికీ మన రక్తం లేదు డొరీన్. వాళ్లను ఎవరూ కొట్టలేదు. ముళ్ల కంచె పట్టుకుని నిలబడ్డాను, టీచరమ్మ వచ్చి "ఎవరి కోసమమ్మా?" అంది. ఎవరి కోసమని చెప్పను?

కాలిట్స్‌డోర్ప్ ముందు కనుమ దారి. మెలికలు మెలికలుగా దిగుతుంది, రెండు పక్కలా ఎర్రటి బండలు. నీల్స్ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కిందికి దిగాక ఊరు వేడెక్కిన పెనంలా ఉంది, చలి మొదలయ్యే మే నెలలో కూడా. తీపి వైను కాసే చోటు కదా, ఊరు ఊరంతా ఆ వాసనే. ఏడేళ్లయింది నేను చుక్క ముట్టి, ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. ఇది కూడా రాస్తున్నాను చూడు. సగం చెప్పి సగం దాచే అలవాటు ఇవాళ్టితో సరి.

అవ్వ మనవరాలి పెరటి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు రెండూ తెల్లబడ్డాయి.

"ఎవరే అది?"

"ద్రీకాను అవ్వా. అపోలస్ పెళ్లాన్ని."

"ఓసినీ, నోరున్న ద్రీకావా! ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వుండగా నేనెలా పోతాను?"

నవ్వింది, పళ్లు లేవు. నీల్స్‌ని దగ్గరకు రమ్మంది. రెండు చేతులతో మొహం తడిమింది. నుదురు, కళ్లు, చెంపలు. బొటనవేలు ముక్కు కిందకు వచ్చి అక్కడ ఆగింది. ఆ నున్నటి చోట అటూ ఇటూ కదిలింది. చాలాసేపు తీయలేదు. నీల్స్‌కు చక్కిలిగింత పుట్టి నవ్వుతున్నాడు.

నేను వాణ్ణి బూర ఊదుకోమని మావయ్య దగ్గరికి పంపించి అడిగాను.

"పేగు మెడకు చుట్టుకుందా అవ్వా?"

"లేదే."

"నెలలు నిండలేదా?"

"నిండాయి. ఒళ్లే పట్టలేదు, పిడికెడు పిల్లాడు."

"మరి దెబ్బేమైనా..."

"దెబ్బా? నిన్నెవరు కొట్టారే? అపోలస్సా? వాడు ఈగ వాలితే క్షమించమని అడిగే రకం." నా చెయ్యి వెతికి పట్టుకుని అంది, "గ్లాసే, ద్రీకా."

రేకు గ్లాసు సంగతి నీకు తెలుసు. నువ్వు పుట్టి పెరిగింది దాని మధ్యే. తెల్లారగట్ల పనిలోకి దిగగానే ఒకటి, టిఫిన్ వేళకు ఒకటి, గంట కొట్టినప్పుడల్లా ఒకటి, పని దిగేటప్పుడు రెండు. దొర మా జీతంలో భాగంగా పోసే వైను అది. ఎవరూ అడిగేవాళ్లు కాదు, పోస్తే పట్టడమే.

"కడుపుతో ఉన్నదానికి రక్తం పట్టాలని ఇంకో గ్లాసు ఎక్కువ పోయించింది నేనే" అంది అవ్వ. "పుట్టాక పాలు పడతాయని మరో గ్లాసు. ప్రతిదానికీ అదే చెప్పాను. ఇప్పుడు ఇక్కడ క్లినిక్కు పిల్ల ఇంటింటికీ వచ్చి, కడుపుతో ఉండి తాగితే బిడ్డ మెదడు పాడవుతుందని చెబుతోంది. ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ నేను నా చేతుల్లో పుట్టినవాళ్ల పేర్లు తలుచుకుంటాను. మొదలుపెడితే అయిపోవడం లేదే."

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నాకు మాత్రం ఒక మాట నాలుక చివరకొచ్చింది: "నువ్వు తాగమంటేనే కదా తాగాను." అనబోయి మింగేశాను. తప్పు ఇంకొకరి నెత్తిన వేయడం నాకు బాగా పట్టుబడిన విద్య. ఒకసారి వేసి ఒక మనిషిని నాశనం చేశాను. రెండోసారి ఎనభై ఏళ్ల గుడ్డిదాని మీద వేయలేకపోయాను.

ఇక చెబుతున్నాను తల్లీ. కూర్చుని చదువు.

నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు నేను దొరసాని వంటింట్లో పనిచేసేదాన్ని. వంటింటివాళ్లకు గ్లాసు ఉండదు, కాఫీ ఉంటుంది. నువ్వు కాఫీ మీద పుట్టినదానివి. తర్వాత దొరసానితో మాటా మాటా పెరిగి, నా నోరు నీకు తెలుసు కదా, నన్ను తోటలోకి తోశారు. అక్కడ గ్లాసు అలవాటైంది. దొర పోశాడు, అవ్వ పోయించింది, నిజమే. కానీ నాకు ఇష్టమైంది డొరీన్. ఎండలో మధ్యాహ్నం గంట కోసం ఎదురుచూసేదాన్ని. మీ నాన్న తన గ్లాసులో సగం మిగిల్చి నాకిచ్చేవాడు, ప్రేమ కొద్దీ. నీల్స్ కడుపులో కదులుతుంటే గ్లాసు పొట్ట మీద ఆనించుకుని నవ్వుకునేవాళ్లం. మింగింది నేనే.

రక్తంలో ఏమీ లేదు. మీ అత్తగారికి చెప్పు, లేదా చెప్పకు, నీ ఇష్టం. నువ్వు చుక్క ముట్టవని నాకు తెలుసు, నీ పెళ్లిలో నారింజ రసంతో చీర్స్ చెప్పావని టోబియాస్ నవ్వుతూ చెప్పాడు. అలాగే ఉండు. బిడ్డ ఎలా పుడుతుందో చెప్పడానికి నేను దేవుణ్ణి కాదు. నీల్స్‌కు వచ్చింది మాత్రం నీ బిడ్డకు రాదు.

ఇక మీ నాన్న.

మీ నాన్న నన్ను కొట్టలేదు. తోయలేదు. తాగి అరిచేవాడు, ఒకసారి కుర్చీ విరగ్గొట్టాడు, నా మీద చెయ్యి ఎత్తినవాడు కాదు. నీల్స్‌కు మూడేళ్లప్పుడు ఊళ్లు తిరిగే నర్సు మనింటికి వచ్చింది. వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గోడకు మేకుకు తగిలించి ఉన్న రేకు గ్లాసు వైపు చూసింది. "కడుపుతో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టింది. నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేను, ఆ క్షణం తెలిసిపోయింది. ఆమె మాట పూర్తి కానివ్వకుండా అన్నాను, "మా ఆయన కొట్టాడండీ, ఏడో నెలలో, పొట్ట మీద." ఆమె రాసుకుంది. ఆమె పాస్టరుకు చెప్పింది, పాస్టరు సంఘపెద్దలకు చెప్పాడు. మీ నాన్నను ప్రభువు బల్లకు దూరం పెట్టారు, గుడిలో అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఆయనకు లేకుండా చేసి, తప్పు చేసినవాళ్ల పుస్తకంలో పేరు ఎక్కించారు.

ఆయన ఎందుకు కాదనలేదో నీకు తెలియాలి. ఆ రోజుల్లో ఆయనకు తాగినప్పటి సంగతులు గుర్తుండేవి కావు. నేను అన్నాను కాబట్టి చేసే ఉంటాననుకున్నాడు. వంటింట్లో నా కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యని పనికి నన్ను క్షమాపణ అడిగాడు. నేను క్షమించాను, డొరీన్. క్షమించాను! ఆ రోజు నుంచి ఆయన గ్లాసు ముట్టలేదు. నేను ఇంకో తొమ్మిదేళ్లు ముట్టాను. పోయేదాకా గుడిలో ఆఖరి బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. నీల్స్‌ని ఏడేళ్లు వచ్చినా వీపున మోసేవాడు, "నేను పాడుచేసిన కాళ్లు, నేనే నడిపించాలి" అని. నీకు పన్నెండేళ్లప్పటి నుంచి ఆయనతో మాట మానేశావు. పద్దెనిమిదేళ్లకు వెళ్లిపోయావు. ఆఖరి వారంలో నీకు తంతి కొట్టిస్తానంటే నా చెయ్యి పట్టుకుని, "దాన్ని పిలవకు ద్రీకా, రాకుండా ఉండే హక్కు దానికుంది" అన్నాడు. అప్పుడు కూడా నోరు విప్పలేదు నేను. నోరున్న ద్రీకా!

నువ్వు ఆయన మట్టికి కూడా రాలేదని ఊరంతా నిన్ను అన్నారు. ఆ మాటలు పడవలసినదాన్ని నేను. మట్టికి వచ్చినవాళ్లకు రొట్టెలు పంచుతూ ఏడుస్తూ తిరిగాను.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. ఆ మాట ఆయన నోట విన్నాక నా నోట పలకదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ బిడ్డను ఉంచుకుంటావో లేదో నీ ఇష్టం, నీ ఒళ్లు నీది. కానీ నా అబద్ధాన్ని నమ్మి ఆ ఆడమనిషి గుమ్మం ఎక్కకు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పబోతున్నాను, మీ నాన్న పేరు ఆ పుస్తకంలోంచి తీసేయమని. నా పేరు ఎక్కిస్తారు. ఎక్కించనీ.

సంఘానికంటే ముందు, నీకంటే ముందు, చెప్పాల్సినవాడు ఒకడున్నాడు కదా. ఇవాళ మధ్యాహ్నం కింది మడికి వెళ్లాను. నీల్స్ తీగ మొదళ్లు పోగేస్తున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు నేను వైను తాగానురా. అందుకే నీకు చదువు రాలేదు, లెక్కలు రాలేదు. నాన్న వల్ల కాదు, నా వల్ల."

వాడు పార కింద పెట్టాడు. "నాన్న కొట్టలేదా?"

"లేదురా."

"నేను చెబుతూనే ఉన్నాగా, నాన్న కొట్టడని. ఎవరూ వినలేదు" అన్నాడు.

తర్వాత చాలాసేపు మట్టి వేళ్లను గీక్కుంటూ కూర్చున్నాడు. "నువ్వు తాగకపోతే నేను బడికి పోయేవాణ్ణా?"

"పోయేవాడివి."

"మావయ్యలాగా బండి నడిపేవాణ్ణా?"

"నడిపేవాడివి నాన్నా."

"పెళ్లాం ఉండేదా?"

"ఉండేది."

మళ్లీ ఆలోచించాడు. నుదురు ముడతలు పడేంత గట్టిగా ఆలోచించాడు. "అప్పుడు కూడా నేనే పుట్టేవాణ్ణా అమ్మా? లేకపోతే వేరేవాడు ఎవడైనా వచ్చేవాడా?"

నేను వాడి పార అందుకుని, పద ఇంటికి అన్నాను. ఇంటికి వచ్చేదాకా అడిగాడు. ఇప్పుడు కూడా, నేను ఇది రాస్తుంటే, గుమ్మంలో నిలబడి అదే అడుగుతున్నాడు. నాకు తెలియదురా, అక్కను అడుగుతాను అన్నాను. నువ్వు చదువుకున్నదానివి. నీకేమైనా తోస్తే వాడికి రాయి. కవరు మీద వాడి పేరే రాయి, నేను చదివి వినిపిస్తాను. అందులో నా పేరు ఎక్కడా లేకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ ఇద్దర్నీ కన్న అమ్మ,
ద్రీకా